కట్ట మీద డమ్మీలు

ఫ్రీస్లాండులో, సముద్రానికి మూరెడు కింద,
ఒకప్పుడు హెర్రింగు చేపలు ఉప్పులో ఊరిన గోదాములో
ఇప్పుడు గురువారం గురువారం
ఇరవైనలుగురు పెద్దమనుషులు ఊరుతుంటారు.
ఆరు బల్లలు, బల్లకు నలుగురు, ఆకుపచ్చ గుడ్డ.
నేను కాఫీ పోసేవాణ్ణి.
మనిషికో కప్పు, ఒక్కటే బిస్కత్తు,
ఆ వెంటనే డబ్బాకు మూత.
ఆట నియమాల్లో ఇది లేదు గానీ
నియమాలన్నిటికన్నా గట్టిది.

వేలంపాటే, కానీ గొంతుండదు.
పాడదలచింది అట్టముక్క తీసి చూపాలి.
దగ్గితే సైగ, తుమ్మితే కుట్ర.
పోయినేడు హిల్కే గారి కనుబొమ్మ పైకి లేచిందని
విచారణ సంఘం మూడుసార్లు కూర్చుంది.
కంటి డాక్టరు కాగితం తెచ్చాక గానీ
ఆ బొమ్మ దిగలేదు.

రెండు కళావర్లంటే కళావర్లు కావట,
"ఆఠీన్లున్నాయా నాయనా" అని అడగడమట.
ఆఠీన్లంటే మళ్లీ ఇస్పేట్లట.
నలభై ఏళ్లుగా ఒకే కప్పు కింద ఉన్న వీబే, రిన్స్కే
ఇంట్లో "ఉప్పు అందుకో" అన్నా అపార్థం చేసుకుంటారు,
ఇక్కడ మాత్రం
ఒకరి మౌనానికి ఒకరు నిఘంటువు రాసుకున్నారు.

పాట నెగ్గినవాళ్లు ఆడతారు.
వాళ్ల జంట ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి
చేతులు కట్టుకుని కూర్చోవాలి.
డమ్మీ అంటారు. పేరులోనే హోదా ఉంది.

నవంబరులో ఒక గురువారం వాయవ్యం నుంచి గాలి లేచింది.
పదకొండో పంపకంలో సైరను.
ఫైరు స్టేషను కుర్రాడు గుమ్మంలో నీళ్లోడుతూ అరిచాడు:
కట్ట జారుతోంది, బస్తాలు మోయాలి, మనుషులు కావాలి!
"ఇంకా పదమూడున్నాయి" అన్నాడు పోటీ పెద్ద డౌవే,
సముద్రానికి కూడా వాచీ ఉన్నట్టు.
ఎవరో గొణిగారు,
ఆ క్లబ్బు చరిత్రలో తొలిసారి నోరు విప్పి:
"డమ్మీలు ఖాళీయే కదా."

ఆరుగురు డమ్మీలు వెళ్లారు, ఏడు నిమిషాలు.
తడిసి ముద్దై వచ్చారు. మరో ఆరుగురు వెళ్లారు.

అక్కణ్ణుంచి మారింది ఆట.
పాట నెగ్గితే
జంట వానలోకి పోతుందని అందరికీ వెలిగింది.
పాస్ అన్న అట్టముక్కను ఆ రాత్రి ఎవరి వేలూ తాకలేదు.
జన్మలో మూడు దాటి పాడని రిన్స్కే
చేతిలో ఒక్క రాణి, తక్కినదంతా చిల్లర పెట్టుకుని
ఏడు పాడింది, తురుపు లేకుండా,
వీబే కళ్లలోకి సూటిగా చూస్తూ.
ఆయన లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు.
నలభై ఏళ్లలో
వివరణ అక్కర్లేకుండా ఆయనకు అర్థమైన పాట అదొక్కటే.
పన్నెండు పట్లు పోయాయి ఆవిడకి.
అంత హాయిగా ఓడిన మనిషిని నేను చూడలేదు.

రిటైరైన నోటరీ బస్తా మోశాడు.
పళ్ల డాక్టరు మోసింది.
ఆడేవాళ్లు కుర్చీల మీదికి కాళ్లు లాక్కుని,
చీలమండల దాకా వచ్చిన నీటి పైన
తురుపులు కోస్తూనే ఉన్నారు.
తెల్లారేసరికి కట్ట నిలిచింది.
అర చక్రం జున్ను ఎవరు గెలిచారో
నాకిప్పుడు గుర్తు లేదు.

మరుసటి గురువారం మేయరు పూలగుత్తితో వచ్చాడు.
"ష్" అన్నారు. పంపకం మధ్యలో ఉంది.
గోడ పక్కన నిలబడ్డాడు పాపం, గుత్తి వాడే దాకా.

తర్వాత విచారణ సంఘం కూర్చుంది.
మూడో బల్ల ఇస్పేటు ఆసు నీళ్లకు ఉబ్బిందట,
వీపు చూసే పోల్చుకోవచ్చట.
తడి వేలు ఎవరిది?
డమ్మీలంతా వరసగా అరచేతులు చాపారు.
తాడు ఒరిసిన బొబ్బలు.
డౌవే కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.
"బొబ్బలు కూడా సైగల కిందికే వస్తాయి" అని రాసుకున్నాడు.

నేనా పూట డబ్బా మూత పెట్టలేదు.
రెండో బిస్కత్తు ఎవరూ ముట్టుకోలేదు.